ముప్పై నాలుగు టైల్స్

రోజారమణి చేతిలో ఎర్ర పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

ఏడో తరగతి బి సెక్షన్ హోంవర్కు పుస్తకాలు నలభై రెండు. నలభై ఒకటి దిద్దేసింది. అన్నింట్లోనూ ఒకటే జవాబు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదికి రెండడుగుల చదరపు టైల్స్ ఎన్ని కావాలి? నూట ఇరవైని నాలుగుతో భాగిస్తే ముప్పై. ఇందులో ఆలోచించడానికి ఏముంది గనక?

నలభై రెండోది చిట్టితల్లి పుస్తకం. అందులో ముప్పై కొట్టేసి ఉంది. పక్కన ముప్పై నాలుగు అని రాసి ఉంది. దాని కింద, ఎవరో పెద్దవాళ్ల చేతిరాతతో రెండు లైన్లు.

"ముప్పై కొంటే పని మధ్యలో ఆగిపోతాది. కటింగుకు రెండు, పగిలితే ఒకటి, గుమ్మం కింద ముక్కకి ఒకటి. టీచరు గారు గమనించగలరు."

టీచరు గారు గమనించారు. గమనించి, నోరు తెరిచారు.

నర్సీపట్నంలో ఆ ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కల టీచరుగా చేరి మూడేళ్లయింది. ఇన్నాళ్లలో పిల్లల జవాబుల్ని ఆమె దిద్దింది గానీ, ఆమె ఇచ్చిన లెక్కని ఎవరూ దిద్దలేదు. పేజీ తిప్పింది. ఆరుగురు మనుషులు పది రోజుల్లో చేసే పనిని అరవై మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? అక్కడ అదే చేతిరాత.

"గదిలో పట్టరు."

రోజారమణి కుర్చీలోంచి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. పేజీ నిండా అడ్డంగా రాసింది: "ఇంటి దగ్గర హోంవర్కులో వేలు పెడుతున్న పెద్దమనిషి రేపు మధ్యాహ్నం నన్ను కలవాలి."

"ఎవరే ఈయన?" అని అడిగితే చిట్టితల్లి గర్వంగా, "మా సోమేశు మావండి టీచర్! మా అమ్మకి తమ్ముడు" అంది.

*

మర్నాడు జోరున వాన. రోజారమణి స్టాఫ్ రూములో కూర్చుని, అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది. రాబోయేవాడికి నలభై అయిదేళ్లుంటాయని, బొజ్జ ఉంటుందని, అన్నీ తనకే తెలుసుననే ధోరణి ఉంటుందని ముందే ఖాయం చేసుకుంది.

గుమ్మంలో నిలబడ్డవాడిని చూసి ఆ మాటలన్నీ మరిచిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. జుట్టు నిండా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము వానకి తడిసి నుదుటి మీంచి పాలచారల్లా కారుతోంది. చెప్పులు బయటే విడిచి, తడి కాళ్లతో లోపలికి రావాలా వద్దా అని గుమ్మానికీ గదికీ మధ్య ఊగుతున్నాడు.

"టీచరు గారు రమ్మన్నారంటండి. నా పేరు సోమేశండి. టైల్స్ మేస్త్రిని."

"పిల్ల హోంవర్కు మీరు చేస్తే దానికి లెక్కలెలా వస్తాయండీ?"

"నాను సెయ్యలేదండి. అదే సేసింది, ముప్పై అని. తప్పు గదా అని నానే కొట్టీసాను."

"రైట్ ఆన్సర్ కొట్టేశారా!"

"రైటెలగవుతాదండి? ముప్పై తెచ్చుకున్నోడు మళ్లీ షాపుకెల్లాలి. అదే బ్యాచి దొరకదు. రంగు తేడా వస్తాది. ఇల్లుగలాయన నన్నే తిడతాడు."

"పుస్తకంలో ముప్పై అనే ఉంది."

"పుస్తకం రాసినోళ్లు ఎప్పుడైనా టైలేసారేటండి?"

పక్క బల్ల దగ్గర సోషల్ టీచరు కిసుక్కుమంది. రోజారమణి చెవులు వేడెక్కాయి.

"చూడండీ, లెక్క వేరు, పని వేరు."

అతను వాదించలేదు. నిజంగానే అర్థం కానట్టు ఆమె మొహంలోకి చూశాడు. "అలగైతే లెక్కెందుకండి?" అన్నాడు.

రోజారమణి మూడేళ్లుగా చెబుతున్న పాఠం, బీఎస్సీ, బీఈడీ, అన్నీ ఒక్క దుమ్ము జుట్టు మనిషి ముందు నీళ్లు నములుతూ నిలబడ్డాయి.

"ఆదివారం పెదబొడ్డేపల్లిలో ఒక గది ఏస్తన్నానండి. పన్నెండు బై పదే. మీరొచ్చి సూడండి. ముప్పై సాలితే, రేపట్నించి దాని పుస్తకం ముట్టుకోను."

"చాలకపోతే?"

"సాలకపోతే... దానికి మార్కెయ్యండి" అన్నాడు.

*

ఆదివారం చిట్టితల్లిని వెంటేసుకుని వెళ్లింది. వెళ్లకపోతే ఓడిపోయినట్టు అవుతుందని వెళ్తున్నాననే ఆమె అనుకుంది.

గది ఒకవైపు పదడుగులుంటే రెండోవైపు పదడుగుల రెండంగుళాలుంది. గోడలు పుస్తకంలో గీసినట్టు ఉండవని ఆమెకి అప్పుడే తెలిసింది. ఒక టైలు కోతలో విరిగింది. సాయంత్రానికి లెక్క తేలింది. ముప్పై మూడు.

"నాను సెప్పిందీ తప్పేనండి" అన్నాడు సోమేశ్ సిగ్గుపడుతూ. రోజారమణి పకపకా నవ్వేసింది. అంతలోనే అతను పక్కనున్న వంకర వరండా చూపించి, "ఇదెంతవుతాదో సూడండి, నూట ఎనిమిది అడుగులు" అన్నాడు. కాగితం లేదు, కలం లేదు. రెండు ఎదురు భుజాల్నీ కళ్లతోనే కలిపాడు, సగం చేశాడు, వెడల్పుతో హెచ్చించాడు.

ఆమె టేపు పెట్టి కొలిచి, ఫోను తీసి లెక్కగట్టింది. నూట ఎనిమిది.

"మీరు చేసింది ట్రెపీజియం వైశాల్యం! టెన్త్‌లో లెక్కల్లో మీకెంత వచ్చింది?"

"తొమ్మిదండి."

"తొంభయ్యా?"

"తొమ్మిదండి. ఫెయిలు. మళ్లీ బడి మొహం సూడలేదు."

రోజారమణికి ఆ మాట చెవికెక్కింది గానీ బుర్రకెక్కలేదు. తొమ్మిది! ఈ మనిషికి! తను పాస్ చేయించిన మొద్దులందరూ వరసగా గుర్తొచ్చారు. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

"వైజాగ్‌లో ఒక కంపెనీవోళ్లు సూపర్‌వైజరుగా రమ్మన్నారండి" అన్నాడు అతను, చేతులు కడుక్కుంటూ. "పని సూసి ముచ్చటపడ్డారు. టెన్త్ సర్టిఫికెట్టు అడిగారు. లేదని సెప్పీసాను."

"ఓపెన్ స్కూల్లో రాయండి. మార్చిలో పరీక్షలు. ఆదివారం పొద్దున్న మా ఇంటికి రండి, లెక్కలు నేను చెప్తాను."

మాట నోట్లోంచి వచ్చేశాక, ఆ మాటన్నది తనేనా అని ఆమే ఆశ్చర్యపోయింది.

*

రోజారమణి నాన్న అప్పలరాజు గారికి గొలుగొండ దారిలో జీడితోట ఉంది. ఆదివారాలు మాత్రం అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతారు. ఆ అరుగు మీదే పాఠాలు మొదలయ్యాయి.

భిన్నాలూ, శాతాలూ, వైశాల్యాలూ అతనికి మంచినీళ్ల ప్రాయం. రైలు లెక్క వచ్చినప్పుడు మాత్రం, "మనూరి పేరెట్టుకున్న స్టేషనుకెల్లాలంటేనే మనం బస్సెక్కాలి గదండి, ఈ రైలు ఎంత బేగి ఎల్తే మనకేటి?" అని ఆమెను నవ్వించి, ఆ తర్వాత సరిగ్గానే చేశాడు.

మూడో వారం బీజగణితం తీసింది. "ఎక్స్" అనే అక్షరం చూడగానే అతని చేయి పుస్తకం మీంచి జారిపోయింది. మొహం పాలిపోయింది.

"ఏమైందండీ?"

"దీని దగ్గిరే పోయిందండి నాకు. ఎక్స్ అంటే ఎంతండీ అని మాస్టార్ని అడిగాను. అందరి ముందూ బెంచీ ఎక్కించి, ఎక్స్ అంటే తెలీని గాడిద అని నా సేతే సెప్పించారు. మొత్తం పీరియడ్డు. తరవాత నానెప్పుడూ ఏటీ అడగలేదు."

వాన చూరు మీద టపటపా కొడుతోంది. రోజారమణి పుస్తకం మూసేసింది.

"ఇల్లు కట్టేటప్పుడు తలుపు ఇంకా రాలేదనుకోండి. గోడ ఆపేస్తారా?"

"ఎందుకాపుతామండి? తలుపుకి సోటొదిలీసి కట్టుకుపోతాం. కొలత తెలిసాక బిగిస్తాం."

"ఆ వదిలిన చోటే ఎక్స్."

సోమేశ్ ఆమెను చూశాడు. పుస్తకం చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంతేనా టీచరు గారూ! దీనికేనా పన్నెండేళ్లు..." అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వానజల్లు కాదని ఆమెకు తెలుసు. పేపరు చాటునుంచి అప్పలరాజు గారు ఒకసారి గొంతు సవరించుకుని, లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి మళ్లీ వెళ్లి కూర్చున్నారు.

ఆ రోజు నుంచి సోమేశ్ అడగడం మొదలెట్టాడు. ఆగలేదు. సంక్లిష్టమైనవి, చొప్పదంటువి, అన్నీ అడిగాడు. రోజారమణి కూడా ఒక పని మొదలుపెట్టింది. పన్నెండుకి అయిపోవాల్సిన పాఠం ఒంటిగంటకి జరిగేలా, శనివారం కూర్చుని పొడవాటి లెక్కలు వెతకడం. ఒకసారి సమీకరణం మధ్యలో తలెత్తితే అతను ఆమె చేతి గాజుల్ని చూస్తున్నాడు. "ఎన్నున్నాయి?" అంది. "ఏడూ, ఆరండి. ఒకటి పగిలినట్టుంది" అన్నాడు దొరికిపోయినవాడిలా. ఇద్దరూ ఒకేసారి పుస్తకంలోకి తలదించుకున్నారు.

*

మార్చిలో కోటవురట్ల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో పని చేస్తున్నాడు. బుద్ధిమంతుడు. అమ్మాయి ఫొటో నచ్చిందట. బుధవారం సాయంత్రం చూడ్డానికి వచ్చారు, కాఫీ తాగారు, ముహూర్తాల ప్రస్తావన కూడా తెచ్చారు.

వాళ్ల కారు సందు మలుపు తిరక్కముందే రోజారమణి, "నాన్నా, ఈ సంబంధం వద్దు" అంది.

అప్పలరాజు గారు ఉలిక్కిపడ్డారు. "ఏటమ్మా? కుర్రోడు నచ్చలేదా?"

"ఆయన మంచివాడే. నా మనసులో ఇంకొకరున్నారు."

అరుగు మీద నిలబడ్డ మనిషి అలాగే వాలుకుర్చీలో కూలబడ్డారు. "ఎవులు?"

"ఆయన నన్ను ఇంకా అడగలేదు. అడిగాక పేరు చెప్తాను."

"అడగలేదా! అడక్కుండానే నువ్వు ఉన్న సంబంధం వొదిలీసుకుంటన్నావా!"

"ఊఁ."

అప్పలరాజు గారు పేపరు తిరగేసి పట్టుకుని చాలాసేపు చదివారు.

ఆ తర్వాత ఆదివారం సోమేశ్ వచ్చాడు. ఇచ్చిన లెక్కలన్నీ తలెత్తకుండా చేసేశాడు. ఒక్కటీ తప్పు లేదు. ఒక్క ప్రశ్నా అడగలేదు. "ఎల్లొస్తానండి. మీ రుణం తీర్చుకోలేను" అని బండెక్కి వెళ్లిపోయాడు. పరీక్షలు మొదలయ్యాయి, అయిపోయాయి. అతను రాలేదు. ఫోను చెయ్యలేదు. చిట్టితల్లి పుస్తకంలో కూడా ఆ చేతిరాత కనబడటం మానేసింది.

సర్టిఫికెట్టు కోసమే వచ్చాడన్నమాట, అనుకుంది రోజారమణి. ఇంట్లో నాన్న మాత్రం రోజూ టీ తాగుతూ, "అడిగాడా?" అనేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది.

*

ఫలితాలు వచ్చిన రోజు స్టాఫ్ రూములో కూర్చుని, ఫోన్లో దాచుకున్న అతని హాల్ టికెట్ నంబరు కొట్టింది.

గణితం: ఎనభై ఆరు.

కెవ్వుమంది. సోషల్ టీచరు చేతిలోని అన్నం ముద్ద కింద పడింది. తొమ్మిది తెచ్చుకున్న మనిషి ఎనభై ఆరు! రోజారమణి కళ్లు తుడుచుకుంటూ కిందికి చూసింది.

ఫలితం: ఫెయిల్.

తెలుగు: పదిహేడు.

పేజీ మూసి మళ్లీ తెరిచింది. నంబరు మళ్లీ కొట్టింది. పదిహేడే. సైన్సు పాసు, సోషల్ పాసు, ఇంగ్లీషు సైతం పాసు. తెలుగులో పదిహేడు!

ఫోను చేసింది. ఎత్తలేదు. స్కూలు వదలగానే స్కూటీ తీసి, బలిఘట్టం దారిలో అతను పని చేస్తున్న కొత్త ఇంటి ముందు ఆపింది. సోమేశ్ హాల్లో మోకాళ్ల మీద కూర్చుని రబ్బరు సుత్తితో టైల్స్ సర్దుతున్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచాడు.

"ఏటిది?" అంది ఫోను అతని మొహం ముందు పెట్టి. క్లాసులో ఎప్పుడూ రాని 'ఏటి' ఆ కోపంలో దానంతటదే వచ్చేసింది.

"ఎనభై ఆరండి! నానూ సూసాను!" అతని మొహం వెలిగిపోయింది.

"కింద చూడు."

నువ్వు అనేశానని ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"తెలుగులో పదిహేడు! పొద్దుట లేచిన దగ్గర్నుంచి నువ్వు మాట్లాడేదేంటి, ఫ్రెంచా?"

"పేపరు తేలిగ్గానే ఇచ్చారండి. టైము సాల్లేదు."

"మూడు గంటలు! ఏం చేశావు మూడు గంటలు?"

సోమేశ్ సుత్తిని అటూ ఇటూ తిప్పాడు. "ఉత్తరం రాయమన్నారండి. మీకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తికి కృతజ్ఞతలు తెలుపుతూ లేఖ రాయుము అని."

"దానికి పది లైన్లు చాలు."

"పన్నెండు పేజీలైపోనాదండి. అడిషనల్ షీట్లు అడిగి తీసుకున్నాను."

"పన్నెండు పేజీలా! ఎవరికి రాశావు?"

అతను నేల చూపులు చూశాడు. "ఎవులికండి... మీకే."

రోజారమణి ఒక అడుగు వెనక్కి వేసింది. "అక్కడెయ్యకండి, తడి!" అని అతను అరిచేలోపే ఆమె కాలి కింద కొత్త టైలు ఒకవైపుకి కుంగిపోయింది. ఆమె కాలు తియ్యలేదు. తియ్యాలని తట్టలేదు.

"నాకు పన్నెండు పేజీలు రాసి, ముక్కూ మొహం తెలియని ఎవరో మాస్టారికి ఇచ్చి వచ్చేశావా?"

"మీకిచ్చే దైర్యం లేకపోయిందండి. అప్పటికే సిట్టితల్లి సెప్పింది, టీచరు గారికి కోటవురట్ల సంబంధం కుదిరిపోనాదని. ఇంక నానెక్కడ సెప్పుకోను? ప్రశ్న సూడగానే సెయ్యి ఆగలేదు. దిద్దేవోళ్లు ఒక్కరైనా సదువుతారు గదా, లోకంలో ఒక్కరికైనా తెలుస్తాది గదా అనుకున్నాను."

"మరి వైజాగ్ ఉద్యోగం?"

"రిజల్టు పొద్దున్నే సూసుకున్నానండి. ఫెయిలయ్యానని వోళ్లకి ఫోన్ సేసి సెప్పీసాను. సప్లిమెంటరీ దాకా ఆగుతామన్నారు. ఆగకపోయినా ఏటనుకోను."

అతను ఆ మాట మామూలుగానే అన్నాడు. అదే ఆమెను ఎక్కువ కదిలించింది.

"ఆ సంబంధం వద్దన్నాను" అంది.

"ఎప్పుడండి?"

"వాళ్లొచ్చిన రోజే."

సుత్తి కిందపడింది. "అంటే... నాను పరీచ్చ రాసేటప్పటికే..."

"అప్పటికే."

అతను ఇసక బస్తా మీద చతికిలబడ్డాడు. తల రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా సిమెంటు డబ్బా బోర్లించుకుని కూర్చుంది.

"ఏం రాశావో చెప్పు. నాకొచ్చిన ఉత్తరం ఎవరో చదివారు, నేను చదవలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది."

"ఇప్పుడా? మొత్తమా?"

"మొత్తం."

అతను గొంతు సవరించుకున్నాడు. "మహారాజశ్రీ రోజా టీచరు గారికి..."

"మహారాజశ్రీనా!"

"గైడులో అలగే ఉందండి." అతను నవ్వబోయి, ఆగి, కిటికీ లేని కిటికీ కంతలోంచి బయటికి చూస్తూ చెప్పుకుపోయాడు. "నాకు సదువు రాదని పన్నెండేళ్లు నాను నమ్మీసాను. మీరొక్క ఆదివారం కూడా నమ్మలేదు. నాను అడిగితే మీరు నవ్వలేదు. నవ్వినా, నాతో కలిపి నవ్వారు. మీ అరుగు మీద కూకున్నప్పుడు నా సేతులకున్న సిమెంటు నాకు గుర్తు రాలేదు. వైజాగెల్లిపోతే డబ్బులొస్తాయి గానీ, ఆదివారం పొద్దున్న ఏటి సెయ్యాలో నాకు తెలీదు. ఏ ఇల్లు కట్టినా, ఇందులో ఎవులుంటారో అనుకునేవోడిని. ఇప్పుడు ఏ ఇల్లు కట్టినా మీరే కనపడతన్నారు..."

చెప్పినంతసేపు ఆమె కదల్లేదు. ఎండ నేల మీంచి గోడ మీదికి ఎక్కింది.

"ఆఖర్న ఏం రాశావు?"

"ఇట్లు, మీ... అని రాసి ఆగిపోనానండి. విద్యార్థి అని రాస్తే అబద్దం. ఇంకోటి రాయడానికి నాకేటి హక్కుంది? అరగంట అలగే కూకున్నాను. బెల్లు కొట్టీసారు."

"మీ సోమేశ్, అని రాయాల్సింది."

అతను మెల్లగా తలతిప్పి చూశాడు. "అలగ రాస్తే మీరేటనేవారండి?"

"సరే అనేదాన్ని."

అతను లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఏం చెయ్యాలో తెలియక, ఆమె తొక్కిన టైలు ఊడదీసి పక్కన పెట్టాడు.

రోజారమణి ఫోను తీసి స్పీకరు నొక్కింది. "నాన్నా, ఆయన అడిగారు."

"ఎవులమ్మా? ఏ బ్యాంకు?"

"బ్యాంకు కాదు నాన్నా. మన సోమేశ్."

సోమేశ్ కిందపడ్డ సుత్తి తీసి, మళ్లీ కిందే పెట్టాడు.

"మనరుగు మీద కూకుని లెక్కలు సేసే సోమేశా!" అప్పలరాజు గారి గొంతు ఇల్లంతా మోగింది. "ఆడు నాకు పదడుగుల దూరంలో కూకునెల్తే, ఆ బ్యాంకోణ్ణి వద్దన్నావంటే ఇంకో బ్యాంకోడే అనుకుని నాను నెల రోజుల్నించి ఊళ్లో ఉన్న బ్యాంకులన్నీ తిరిగి ప్రతి కుర్రోడి మొహం సూసొచ్చాను గదమ్మా!"

"నాన్నా, ఒక మాట. ఆయన తెలుగులో ఫెయిలయ్యారు."

అటువైపు వాలుకుర్చీ కిర్రుమంది.

"తెలుగులోనా?"

"ఔనండి" అన్నాడు సోమేశ్, నేరం ఒప్పుకున్నట్టు.

"జూన్‌లో రాసి పాసవుదువు గానిలే. అది నాను సెప్తాను, నా తెలుగు బాగుంటాది." అప్పలరాజు గారి గొంతు మెత్తబడింది. "ఒరే నాయినా, ఆదివారం మీ అక్కనీ బావనీ ఎంటెట్టుకుని రా. పుస్తకాలు తేకు."